దేవాలయమున పిల్లలకు చోటేది?

అనంతపురపు మెట్టసీమలో కొత్తచెరువు అను ఊరు కలదు. 2022 నుండి అది శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. వానలు తక్కువైన ఆ సీమలో రైతునకు చెరువును గూర్చి పాఠము చెప్పనక్కరలేదు. ఎగువ వంకను పూడ్చివైచి, చెరువు నిండలేదని దైవమును నిందించువానిని జూచి యతడు నవ్వును. అయినను ఆ సీమ సంఘములలో మన పెద్దలు కొందరు చేయుచున్న పని యిదియే. పడుచువాండ్రు గుడికి రారనియు, సెల్లుఫోనులు వారిని చెడగొట్టినవనియు వగచుచున్నారు. వంకను మూసినవారెవరో మాత్రము విచారింపకున్నారు.

మేము కన్నులార చూచిన దొకటి చెప్పెదము; ఊరి పేరు చెప్పము. ప్రసంగము నడుమ ఒక చంటిబిడ్డ యేడ్చెను. అయ్యగారు మాట నాపి తల్లివైపు చూచిరి. ఆ చూపు వెంట సభయంతయు చూచెను. ఆమె బిడ్డ నెత్తుకొని వాకిటి వేపచెట్టు క్రిందికి బోయెను. ఆరాధన ముగియువరకు లోనికి రాలేదు. మరుసటి యాదివారము గుడికే రాలేదు. బిడ్డ తండ్రి లోపల చాపమీద నిశ్చింతగా కూర్చుండెను. అతనివైపు ఎవ్వరును చూడలేదు.

దేవుని సన్నిధిని నిశ్శబ్దము వలదా యని పెద్దలడుగుదురు. వలయును. కాని వారు మార్కు సువార్త పదియవ అధ్యాయమును మరల చదువవలెను. బిడ్డలను తెచ్చినవారిని అచ్చట గద్దించినవారు శిష్యులే. యేసు కోపించినది ఆ శిష్యులమీదనే. ఇక దీర్ఘప్రసంగముల మాట. త్రోయ పట్టణమున పౌలు బోధ అర్ధరాత్రివరకు సాగగా, ఐతుకు అను యువకుడు కునికి మూడవ అంతస్తునుండి పడెను. పౌలు వానిని నిందింపక, దిగివచ్చి కౌగిలించుకొనెను. మన బోధకులలో అట్లు దిగివచ్చువా రెందరు?

పిల్లలకు ఆదివారపు బడి యున్నది గదా యని మరికొంద రందురు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టరు నగరమున రాబర్టు రెయిక్సు అట్టి బడిని పెట్టినది, వారమంతయు పనిచేయు బీదపిల్లలకు ఆ యొక్కదినమున చదువు చెప్పుటకు. పెద్దల యారాధనకు అడ్డు తొలగించుట ఆయన యుద్దేశము గాదు. బడి మంచిదే, అది గుడికి మెట్టుగా నుండవలెను.

రాయలసీమ సంఘములలో పెక్కులు లండను మిషను నాటినవి. అవి 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘమునందును, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘమునందును చేరినవి. వీనియందు చంటిబిడ్డకు బాప్తిస్మ మిత్తురు. నీళ్లుంచి మనవాడని చేర్చుకొని, యేడ్చినంతనే వెలికి పంపుట యే ధర్మము?

పడుచు దంపతుల గతియు నిట్టిదే. వేరుసెనగ పైరెండిన యేట వారు బెంగుళూరికి పనికి పోవుదురు. పండుగకు వచ్చినప్పుడు వారినడుగు మొదటి ప్రశ్న చందా బాకీ. బిడ్డకేమి పేరు పెట్టితిరని యడుగువారు లేరు. బాకీ తీర్చలేనివాడు మరుసటి పండుగకు మొగము చాటుచేయుట వింతయా?

మేము కోరు సంస్కారమునకు ధనము వలదు. ప్రసంగమును ఇరువది నిమిషములకు కుదింపుడు. బిడ్డతల్లులకు ముందువైపున చాపలు పరువుడు. బిడ్డ యేడ్చినచో తండ్రి యెత్తుకొనవలెను. వాక్యము చదువుట, కానుక పట్టుట పదియేండ్ల పిల్లల కప్పగింపుడు. కోతపండుగనాడు వారే వేరుసెనగకాయలు తమ చేతులతో బల్లయొద్దకు తేవలెను. సంఘపు కమిటీలో ఒక పడుచుతల్లికి స్థానమిండు. వలసనుండి వచ్చినవారిని బాకీకి ముందు బిడ్డనుగూర్చి యడుగుడు.

చదువరులలో సంఘపెద్దలును, వారి గృహిణులును పలువు రుందురు. ఈ పనికి సభలు, తీర్మానములు అక్కరలేదు. వచ్చు నాదివారము ఏ తల్లియైనను బిడ్డతో వేపచెట్టు క్రిందికి బోయినచో, మీలో నొకరు లేచి వెళ్లి ఆమెను లోనికి తోడ్కొని రండు.