పది భాగాల పాఠం

ప్రభుత్వ కార్యాలయాల్లో సామాన్యుడు పడే అగచాట్లను ప్రభుత్వ టెలివిజన్‌లోనే ఎండగట్టిన ఘనత జస్పాల్ భట్టిది. 1955లో అమృత్‌సర్‌లో పుట్టి, చండీగఢ్‌లో ఇంజనీరింగ్ చదివిన ఆయన 'ట్రిబ్యూన్' పత్రికకు కార్టూన్లు గీశారు. ఆ కార్టూనిస్టు చూపే ఆయన వెంట దూరదర్శన్‌కూ వచ్చింది. 'ఉల్టా పుల్టా' తరువాత 1989లో వచ్చిన 'ఫ్లాప్ షో'కు రచన, దర్శకత్వం, ప్రధాన పాత్ర ఆయనవే. నిర్మాత భార్య సవిత, నటించిందీ ఆమే.

పరిశోధక విద్యార్థి చేత ఇంటిచాకిరీ చేయించుకునే ప్రొఫెసరు, దొంగ వైద్య బిల్లులు పెట్టే ఉద్యోగి... వీరిని చూపడానికి భారీ సెట్టింగులు అక్కరలేకపోయింది. ప్రసారమైనవి పట్టుమని పది భాగాలే. నూర్ల భాగాలు సాగదీసే నేటి సీరియళ్ళవారు ఈ సంగతి గమనించాలి. దీన్ని ప్రసారం చేసిన దూరదర్శన్‌నూ మెచ్చుకోక తప్పదు.

2012 అక్టోబరు 25న తన 'పవర్ కట్' చిత్రం ప్రచారంలో ఉండగా జలంధర్ సమీపాన కారు ప్రమాదంలో ఆయన మరణించారు. 2013లో పద్మభూషణ్ ప్రకటించారు. సముచితమే. అయితే హిందీ రానివారికి ఆ హాస్యం పూర్తిగా అందలేదు. యాదగిరి, సప్తగిరి ఛానళ్ళు ఆ పది భాగాలనూ తెలుగు మాటలతో ప్రసారం చేయాలి. అదీ ఆఫీసు వేళలయ్యాక, ఉద్యోగులు కూడా చూసేలా!