201వ యూనిట్ కాడ లెక్క తప్పుతున్నది

మా వాట్సప్ గ్రూపుల ఒక తమ్ముడు పెట్టిండు: "కరెంటు ఫ్రీ గదా, గ్యాస్ బంద్ జేసి ఇండక్షన్ పొయ్యి కొనుండ్రి." అందరు సై అన్నరు. నేను మాత్రం కాగితం తీసి లెక్కేసిన.

2000 వాట్ల పొయ్యి ఫుల్ మీద గంట నడిస్తే 2 యూనిట్లు. పొద్దుగాల గంట, మాపటికి గంట అంటే నెలకు 120. ఫ్రిజ్‌కు రోజుకొక యూనిట్ అనుకున్నా 30. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, రోజుకు పది గంటలు తిరిగితే 45. గీడికే 195. ఇంక టీవీ, లైట్లు, బోరు మోటరు మిగిలే ఉన్నయి.

తెలంగాణల 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. 201 అయిందంటే ఆ ఒక్కదానికే గాదు, మొత్తానికి కట్టాలె. ఎండకాలం నాలుగు రాత్రులు కూలరేస్తే కూలోళ్ల ఇంట్ల నెల బిల్లంత నెత్తిన వడ్తది. గిదేం న్యాయం?

దాటిన యూనిట్లకే బిల్లెయ్యుమని సర్కారును గట్టిగ అడగాలె. అట్లనే తమ్మీ, సలహా పంపేముందు డబ్బా మీద వాట్లెన్నో సూడు. మెసేజ్ నీది, బిల్లు కట్టేది ఇంకో ఇంటి అవ్వ.