ఉస్తానీ ఎవరి భార్య?

ఆ మధ్య ఒక నిఘంటువు పునర్ముద్రణ కోసం వేసిన సంఘంలో నన్నూ కూర్చోబెట్టారు. ఎనిమిది మందిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చిన మాటలు చూడటం నా వంతు. 'ఉ' దగ్గర రెండు ఆరోపాలు పక్కపక్కనే ఉన్నాయి. ఉస్తాద్: గురువు, విద్యలో ఆరితేరినవాడు. ఉస్తానీ: ఉస్తాద్ భార్య.

అంతే. ఇంకో ముక్క లేదు.

నాకు అక్షరాలు నేర్పినావిడ ఉస్తానీయే. పాతబస్తీలో మేం అద్దెకున్న ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేది. ఆమె ఏ ఉస్తాద్‌కీ భార్య కాదు, అసలు పెళ్ళే చేసుకోలేదు. సాయంత్రం అయ్యేసరికి ఆ వసారాలో పది పన్నెండు మంది ఆడపిల్లలం చేరేవాళ్ళం. వాళ్ళకి ఖురాన్, నాకు పలక మీద అలిఫ్, బే. బెత్తం వాడేది కాదు. వక్కలు కత్తిరిస్తూ వినేది. మేం తప్పు చదివితే అడకత్తెర చప్పుడు ఆగిపోయేది. ఆ నిశ్శబ్దానికి భయపడి దిద్దుకునేవాళ్ళం. నెలకి రెండు రూపాయలు. ఇవ్వలేనివాళ్ళని అడగటం నేను చూడలేదు. ఆ రెండు రూపాయలతోనే ఆ ఇల్లు నడిచేది. ఇప్పుడు నిఘంటువు వచ్చి, ఆవిడ ఎవరి పెళ్ళామో చెప్పమంటోంది!

ఈ మాట చాలా దూరం తిరిగింది. పారశీకంలో పుట్టి అరబ్బీలోకి వెళ్ళి 'ఉస్తాజ్' అయింది. అరబ్బీ వ్యాకరణం చివర ఒక్క అక్షరం చేర్చి 'ఉస్తాజా' అని స్త్రీకి ఇచ్చింది. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే ఆడవాళ్ళని అక్కడ అలాగే పిలుస్తారు. మలయ్, ఇండోనేషియా భాషలవాళ్ళు 'ఉస్తాజ్'తో పాటు 'ఉస్తాజా'నీ తీసుకున్నారు. అక్కడ మతగ్రంథాలు బోధించే ఆడవాళ్ళని పిలిచే పేరది. తుర్కీలో లింగభేదమే లేదు కనుక 'ఉస్తా' అందరిదీ. అయితే ఆ మాట వినగానే తాపీ పట్టుకున్న మగవాడే మనసులో మెదులుతాడనుకోండి, అది వేరే పేచీ. ఉర్దూ మాత్రం 'ఆనీ' ప్రత్యయం తగిలించింది. పండితానీ, ఉస్తానీ. ఆ ప్రత్యయంలో చదువు చెప్పే ఆడదీ ఉంది, చెప్పేవాడి ఆలీ ఉంది. రెండర్థాల్లో ఏది ముందు రాయాలన్నది వ్యాకరణం తేల్చే విషయం కాదు. కలం పట్టుకున్నవాడు తేలుస్తాడు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 'పంతులమ్మ' అంటే బడిలో చెప్పేదీ, పంతులుగారి ఇంట్లో వండేదీ. ఇక ఉస్తాద్‌ని మనం 'వస్తాదు' చేసి కండలు పెంచాం. తాలీం అంటే చదువు చెప్పటం. మన తాలింఖానాలో ఆ చదువు కుస్తీపట్లయింది. వస్తాదుకి స్త్రీలింగం ఎవరూ వెతకలేదు, అవసరం పడలేదు.

సంగీతం సంగతి చూడండి. 1968లో హైదరాబాదులో కన్నుమూసిన బడే గులాం అలీఖాన్ ఉస్తాద్. ఆయన కాలంలోనే పాడిన కేసర్‌బాయి కేర్కర్ 'బాయి'. 'అఖ్తరీబాయి ఫైజాబాదీ' 1945లో ఒక బారిస్టరుని పెళ్ళాడాక 'బేగం అఖ్తర్' అయింది. బిరుదు మారింది గాత్రం వల్ల కాదు, నిఖా వల్ల. అల్లావుద్దీన్ ఖాన్ కూతురు అన్నపూర్ణాదేవి దగ్గర నేర్చుకున్న నిఖిల్ బెనర్జీ, హరిప్రసాద్ చౌరాసియా 'పండిత్'లు. ఆమె 'గురుమా'. నేర్పిన ఆడదాన్ని అయితే భార్యని చేస్తారు, కాకపోతే తల్లిని చేస్తారు.

సంఘంలో ఈ మాటే అన్నాను. "పాత నిఘంటువుల్లో అలాగే ఉంది మేడం" అన్నారు ఒకాయన. "ఉస్తాద్ అంటే ఇద్దరికీ వర్తిస్తుంది కదా, ఈ ఉస్తానీ ఎందుకు మనకి?" అన్నారు ఇంకొకాయన, చాలా ఉదారంగా. వర్తిస్తుందంటే ఆ ఆరోపంలో 'ఆరితేరినవాడు' అని ఎందుకుందండీ? ఉర్దూ శాఖలో పనిచేసే ఓ చిన్న వయసు స్నేహితురాలు మాత్రం తనని ఉస్తాద్ అనే పిలవాలంటుంది. ఆ 'ఆనీ' తోక తనకి అక్కర్లేదట. ఆమె కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ మాటని నేను వదులుకోలేను. వదిలేస్తే ఆ వసారాలో కూర్చున్నావిడకి పేరే మిగలదు.

మూడుసార్లు చీటీ రాసి పంపాను. రెండుసార్లు 'చోటు చాలదు' అని తిరిగొచ్చింది. 'ఉపాధ్యాయిని' అన్న ఒక్క మాటకి! మూడోసారి రాసింది ఇది: "ఉస్తానీ: 1. చదువు చెప్పే స్త్రీ. 2. ఉస్తాద్ భార్య." చోటు మరీ ఇరుకైతే రెండోది కొట్టేసుకోమని కింద రాశాను. జవాబు ఇంకా రాలేదు.