పొయ్యెందుకు ముట్టించావని అడిగారు

మా పెద్దనాన్న కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, శుభ్రం చేసి, మళ్ళీ మందు నింపుకోవడం ఆయన సరదా. అక్కడ దానికి అడ్డు లేదు. మొన్న ఫోన్‌లో అరగంట అదే ముచ్చట. ఆ పని తనకు ఓపిక నేర్పిందట, కొలత నేర్పిందట. మందును గ్రెయిన్లలో తూస్తారు, మన పాత తులానికి 180 గ్రెయిన్లు. నాకు నవ్వొచ్చింది. పాతికేళ్ళుగా చారులో ఇంగువ వేస్తున్నాను, ఎవరూ దాన్ని క్రమశిక్షణ అనలేదు!

ఒక మాట దగ్గర మాత్రం నవ్వు ఆగింది. బల్ల మీద ఒక్క డబ్బా మందే పెట్టుకుంటాడట. మధ్యలో ఎవరైనా పలకరిస్తే పోసింది తీసేసి మొదటికొస్తాడట. ఆ గది వంటింటికి దూరం, దానికి తాళం. "మీ వదిన పెట్టిన షరతు" అన్నాడు.

మా అమ్మను షరతు పెట్టనిచ్చిందెవరు?

మాది కొల్లాపూర్ దగ్గర, నల్లమల అంచున పల్లె. నాయినకు భర్మారు తుపాకీ ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డ పీలిక పెట్టి, రవ్వలు వేసి, కడ్డీతో దట్టించేవాడు. అడవిపందుల కోసమని పేరు, సగం సరదానే. ఒక ముసురు రోజు మందు చెమ్మగిల్లిందని చాటలో పోసి పొయ్యి పక్కన పెట్టి బయటికి పోయాడు. పొద్దుగూకినాక అమ్మ అన్నానికి పొయ్యి ముట్టించింది. పెద్ద చప్పుడు కూడా లేదు, భగ్గుమని ఒక్క వెలుగు. తమ్ముడి ముఖం ఒక పక్క, కుడి చెయ్యి కాలాయి. వాడికి ఆరేళ్ళు.

చూడొచ్చిన వాళ్ళంతా అమ్మనే అడిగారు, "చూసుకోకుంట పొయ్యెందుకు ముట్టిచ్చినవ్?" అని. మందు పొయ్యి కాడికి ఎందుకొచ్చిందని నాయినను ఒక్కరూ అడగలేదు. అమ్మ పోయేదాకా ఆ తప్పు తనదే అనుకుంది.

అందుకే "మగవాళ్ళ సంగతి మనకెందుకు" అనే ఆడవాళ్ళ మీద నాకు కోపం. సంగతి వాళ్ళది, వంటిల్లు మనది, కాలేది మన పిల్లలు. "ఇన్నేళ్ళు చేసినం, ఏం కాలే" అంటారు. చాటలో మందు ఏళ్ళు లెక్కపెట్టదు, నిప్పురవ్వ కోసం చూస్తుంది.

ఈసారి మా మరిది మక్కచేనుకు పందులు పడ్డాయి. నష్టం చిన్నది కాదు, రాత్రికి రాత్రి సాళ్ళకు సాళ్ళు పోయాయి. ఎవరో నాటు బాంబులు కూరిస్తారని, తెచ్చి మా అటక మీద పెడతానని వచ్చాడు. ఎరలో చుట్టి పెడితే కొరకగానే పేలుతుంది. కొరికింది పందా, మన బర్రెదూడా అని దానికి తెలియదు. పైగా నాటు బాంబుకు 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం ఉంది, లైసెన్సు లేకుండా తూటాలు చేస్తే 1959 ఆయుధాల చట్టం, వేటకు 1972 వన్యప్రాణి చట్టం. అటక మీద దొరికితే ఈ ఇల్లు ఎవరిదని అడుగుతారు, సరదా ఎవరిదని కాదు.

"ఇది గడప దాటి లోపలికి రాదు" అన్నాను. మా ఆయన నా వైపు చూశాడు గానీ మాట్లాడలేదు. మరిది "వదినా, మరి పంట?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. బీరువా తీసి పాత చీరలు పదకొండు ఇచ్చి, చేను చుట్టూ కట్టమన్నాను. కొన్ని రాత్రులు పందులు ఆగాయి, తర్వాత ఒక మూల నుంచి వచ్చాయి.

నిన్న వచ్చి ఇంకో నాలుగు చీరలు అడిగాడు. ఇచ్చాను.