కారు కంట్లో నీరు

మనిషి కంట్లో నీరు నిండితే ఇంటిల్లిపాదీ చేరి కారణం అడుగుతారు. కారు కంట్లో నీరు నిండితే అడిగే నాథుడుండడు. నిరుడు శ్రావణమాసంలో మా కారుకు ఆ దశే పట్టింది. రెండు హెడ్‌లైట్ల లోపలా తెల్లటి పొర కమ్మింది. ఎడమదానికి అడుగున చెంచాడు నీళ్లు కూడా చేరాయి.

"అందులో చేపపిల్లల్ని వేసి పెంచుదాం నాన్నా" అంది మా చిన్నమ్మాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వి వూరుకున్నాను. అలా వూరుకోవడమే పొరపాటు.

ఆ వారమే సంగారెడ్డిలో పెళ్లి భోజనం చేసి, రాత్రి పదిగంటలు దాటాక పటాన్‌చెరుకు బయల్దేరాం. ప్రక్కన మా ఆవిడ, వెనుక సీట్లో అమ్మ, పిల్లలు. సన్నగా వాన పడుతూంది. 65వ నంబరు జాతీయ రహదారిని పగలు మాత్రమే చూసినవారికి దాని రాత్రి స్వభావం తెలియదు. కంది, రుద్రారం దాటి ఇస్నాపూర్ చేరేసరికి, పాశమైలారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగినవారు చేత టిఫిను డబ్బాలతో రోడ్డు దాటుతుంటారు. ప్రక్కన లారీలు ఆగి ఉంటాయి. ఆ లారీల నడుమనుంచి ఒకాయన రోడ్డుమీదికి వచ్చాడు. నాకు ఆయన కనబడింది బ్రేకు తొక్కవలసిన క్షణంలో కాదు. తొక్కవలసిన క్షణం దాటిపోయాక. బండి ఆయనకు జానెడు దూరంలో ఆగింది.

ఆయన తిట్టలేదు. బానెట్టుమీద చెయ్యి ఆనించి నిలబడి, "లైట్లేసుకొని నడపరాదా సారూ!" అన్నాడు. అని, డబ్బా చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

లైట్లు వెలుగుతూనే ఉన్నాయండీ. అదే నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

హెడ్‌లైటు లోపల నీటిబిందువులు చేరితే వెలుగు ఒక్క దిక్కుకు పోకుండా చెల్లాచెదరవుతుంది. ముందున్న రోడ్డు మనకు సగమే కనిపిస్తుంది. చెదిరిన వెలుగేమో ఎదుటివారి కళ్లలో పడుతుంది. అంటే మనం గుడ్డివారమై, మరొకరినీ గుడ్డివారిని చేస్తామన్నమాట.

మర్నాడు మెకానిక్కు షెడ్డుకు వెళ్లాను. "బాగు చేసుడు కాదు సారూ, జత మొత్తం మార్చాలె" అని ధర చెప్పాడతను. నేను మా ఆవిడ ముఖం చూశాను. ఆవిడ ఆకాశం చూసింది.

ఇంటికొచ్చాక మా బావమరిది, "ఇంతేగదా బావా!" అని ఒక సిలికోను ట్యూబు తెచ్చిచ్చాడు. ఆ సాయంత్రం హెడ్‌లైట్ల అంచులన్నీ వెన్న పూసినట్టు పూసేశాను. వెనుకవైపు ఒక చిన్న కన్నం కనబడితే, దొంగ దొరికాడన్న సంతోషంతో దాన్నీ మూసేశాను. రెండురోజులు గడిచాయి. నీరు తగ్గలేదు సరిగదా, చెంచాడు కాస్తా రెండు చెంచాలయింది!

అప్పుడుగాని బుద్ధిగా కూర్చుని ఈ దీపం కట్టుబడి తెలుసుకోలేదు.

వెనుకటి అంబాసిడర్లలో ఏడంగుళాల గుండ్రటి దీపాలుండేవి గుర్తుందా? వాటిలో గాజు, అద్దం, లోపలి తీగ అన్నీ కలిపి మూసేసిన ఒకే ముద్ద. సీల్డుబీము అనేవారు. అమెరికాలో 1940 నుంచి 1983 దాకా అటువంటివే తప్పనిసరి. వాటిలో నీరు చేరే సందు లేదు. తీగ పోయిందా, మొత్తం తీసి కొత్తది వేయడమే. ఇప్పటి మాదిరి దీపాల్లో బల్బొక్కటే మార్చుకోవచ్చు. మార్చాలంటే వెనుక ద్వారం కావాలి. ద్వారానికి తలుపుగా రబ్బరు మూత ఉంటుంది. దానితోపాటు గాలి ఆడడానికి సన్నటి కన్నం కూడా ఉంటుంది. నేను మూసింది దాన్నే.

కన్నం ఎందుకంటే, దీపం వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి బయటికి పోతుంది. ఆర్పితే చల్లబడి మళ్లీ గాలిని లోపలికి పీల్చుకుంటుంది. గాలిదారి మూసేస్తే ఆ పీల్పు ఊరుకోదు. వదులుగా ఉన్న చోటల్లా వెతికి, అక్కడున్న వాననీటిని లాగుకుంటుంది. దీపం నీళ్లు తాగకూడదు. కాని ఊపిరి మాత్రం తీసుకోవాలి.

అసలు దొంగ ఎవరనుకున్నారు? నేనే. వేసవిలో బల్బులు స్వయంగా మార్చి, రబ్బరు మూతలు సరిగా కూర్చోబెట్టలేదు. అవీ పాతబడి ఎండిన బెండులా బిర్రబిగిశాయి. కొత్త మూతలు రెండూ కలిపి, ఆనాడు పెళ్లికి పట్టుకెళ్లిన పూలకన్నా తక్కువకే దొరికాయి.

ఇక చేసిన పద్ధతి చెబుతాను. ముందుగా సమతలంలో బండిని గోడకెదురుగా నిలిపి, వెలుగు పైఅంచు ఎక్కడ పడుతుందో సుద్దతో గీశాను. తరువాత లైట్లార్పి, బల్బులు చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివు తీగ విప్పాను. ప్లగ్గు, మూత, తీగ కొక్కెం తీస్తే బల్బు చేతికొస్తుంది. దాని గాజును వేళ్లతో తాకకూడదు. చేతి జిడ్డు అంటినచోట వేడి పెరిగి బల్బు త్వరగా పోతుంది.

దీపాలను ఊడదీసి, నా సిలికోనునంతా గీకి, గాలికన్నం తెరిచాను. నీరు ఒంపేసి, వెనుక ద్వారానికి పల్చటి గుడ్డ కట్టి రెండురోజులు ఎండబెట్టాను. లోపల గుడ్డపెట్టి తుడవాలనిపిస్తుంది, తుడవకండి. ఆ మెరుపు ప్లాస్టిక్కుమీద పట్టించిన అతి పల్చటి అల్యూమినియం పొర. తుడిస్తే గుడ్డతోపాటే వచ్చేస్తుంది. వెనిగరు వాసన వచ్చే సిలికోను కూడా పనికిరాదు. ఆరేటప్పుడు దాన్నుంచి వచ్చే ఆవిరి ఆ పొరను తినేస్తుంది.

కొత్త మూతమీద పైభాగమేదో గుర్తుంటుంది. ఆ గుర్తు పైకి ఉండేలా పెట్టి, బల్బు మూడు కాళ్లూ బాగా బయటికి వచ్చేదాకా నొక్కి, అంచంతా వేలితో తడిమి చూసుకోవాలి. నేను వేసవిలో ఎగ్గొట్టిన పని ఈ తడిమి చూడడమే.

బిగించాక మా అమ్మాయి చెంబుతో పదినిమిషాలు నీళ్లు పోసింది. లైట్లు కాసేపు వెలిగించి, ఆర్పి, మళ్లీ చూశాం. పొడిగా ఉంది. ఆ రాత్రి గోడమీద సుద్దగీతకు వెలుగు సరిచేశాను. మనం రోడ్డుకు ఎడమవైపు నడుపుతాం గనుక చిన్న వెలుగు ఎడమ ప్రక్కన కాస్త పైకి లేచి ఉండాలి. రోడ్డువార నడిచేవాడు కనబడడానికే ఆ ఏర్పాటు.

అన్నిటికీ చెయ్యి పెట్టమనడం లేదు. చల్లటి ఉదయం లోపల సన్నటి ఆవిరి పట్టి, లైటు వెలిగించగానే పోతే అది జబ్బు కాదు. ముందు అద్దం అంచున జిగురు వదిలినా, ఎల్.ఇ.డి. దీపాలైనా, గ్యారంటీ గడువు మిగిలి ఉన్నా పనివాడికే వదిలేయండి. వెనుక మూతను మాత్రం వానాకాలానికి ముందు ప్రతివారూ ఒకసారి తడిమి చూసుకోవచ్చు.

పోయిన నెల మళ్లీ రాత్రివేళ సంగారెడ్డినుంచి వచ్చాం. వానే. ఇస్నాపూర్ దగ్గర షిఫ్టు దిగినవారు రోడ్డువార నిలబడి ఉన్నారు. చాలా దూరంనుంచే వారి చేతుల్లో టిఫిను డబ్బాలు తళుక్కుమన్నాయి. బండి ఆపి, దాటమని చెయ్యి ఊపాను. వారిలో ఆయన ఉన్నాడో లేదో నాకు తెలియదు.

"ఇవాళ బాగా కనబడుతూంది గదరా" అంది వెనుకనుంచి అమ్మ.