పిల్లలకు కాస్త చీకటి పెట్టండి!

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఆ మాట పుట్టిననాడు దీపానికి ఒక ఆయుష్షుండేది. చమురైపోతే ఆరిపోయేది. గాలి వీస్తే ఆరిపోయేది. ఇల్లాలికి నిద్రొస్తే ఆవిడే ఆర్పేసేది. ఆరిపోయిందనడం అశుభమని మనవాళ్లు "కొండెక్కింది" అంటారు చూశారూ, ఇప్పుడు దీపాలు నిజంగానే కొండెక్కాయి. జగిత్యాల నుంచి కొండగట్టు దాకా, అటు కోరుట్లలో, ఇటు సిరిసిల్లలో, ఎక్కడ చూసినా స్తంభాలెక్కి కూచుని తెల్లవార్లూ వెలుగుతున్నాయి. ఆరడం మాత్రం మానేశాయి. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటే ఇక ఇల్లాలు పడుకునేదెప్పుడు? ఇల్లాలి సంగతి అటుంచండి, ఆమె పక్కలో ఉన్న పసివాడు పడుకునేదెప్పుడు?

నా పోట్లాట ఆ పసివాడి తరఫున.

కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న వాళ్లందరికీ ఈ కథ తెలుసు. బాల ఆంజనేయుడికి ఆకలేసింది. అప్పుడే ఉదయిస్తున్న సూర్యుణ్ణి చూసి పండనుకున్నాడు. తిందామని ఎగిరాడు. ఇంద్రుడి వజ్రాయుధం వచ్చి దవడకు తగిలింది. ఆ కథ మొదట చెప్పిన మహానుభావుడెవరో గాని పసివాళ్ల సంగతి బాగా తెలిసినవాడు. వెలుగు కనిపిస్తే తిండివేళ అయిందనుకుంటుంది పసి ఒళ్లు. మనం ఇవాళ రాత్రి పది గంటలకు కిటికీలోంచి పిల్లలకు సూర్యుణ్ణి చూపిస్తున్నాం. తరువాత పిల్లాడు లావెక్కాడని దిగులు పడుతున్నాం.

పిల్లాడు లావెక్కితే ముందు బోనెక్కేది తల్లి. అత్తగారు మొదట్లో "పోరడు బొద్దుగ ముద్దుగున్నడు, దిష్టి తియ్యి బిడ్డా" అంటుంది. నాలుగేళ్లు పోయాక ఆవిడే "అడిగిందల్లా పెట్టి గిట్ల చేసినవ్" అంటుంది. శ్రీవారు "ఇంట్లో ఉండి నువ్వు చూసుకునేదేమిటి?" అంటారు. డాక్టరుగారు నెయ్యి తగ్గించమంటారు, బజ్జీలు మాన్పించమంటారు, ఆటలాడించమంటారు. అందరి వేళ్లూ ఒకవైపే. ఆ వేళ్లలో ఒక్కటైనా కిటికీ బయటి స్తంభం వైపు తిరగదేం?

తిండి తప్పేమీ లేదని నేననడం లేదు. చిప్స్ పొట్లాలు, రంగునీళ్ల సీసాలు, ఆటస్థలం లేని బడులు, అన్నీ నిజమే. కాని నిద్ర చెడితే తిండి కూడా చెడుతుంది. షికాగో విశ్వవిద్యాలయంలో 2004లో కుర్రవాళ్లను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. "చాలు" అని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. "ఇంకా తే" అని చెప్పే ఘ్రెలిన్ 28 శాతం పెరిగింది. మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన ఇళ్లలో లెక్క కట్టి చూడండి. పదకొండింటికి పడుకుని ఏడింటికి బడి బస్సు కోసం లేచే పిల్లాడికి ఎన్ని గంటలు దక్కుతున్నాయి?

"వీధి దీపం వీధిలో ఉంటుంది, అది పిల్లాణ్ణేం చేస్తుంది?" అంటారు. చామంతి తోట వేసిన రైతునడగండి. పువ్వు ఆలస్యంగా పూయాలంటే రాత్రిళ్లు తోటలో బల్బులు వెలిగిస్తారు. రాత్రి పొడవును బట్టి పూసే మొక్క అది. దీపం పెడితే రాత్రి కురచయిందని మోసపోతుంది, మొగ్గ తొడగదు. వెలుగు సోకితే మొక్క ఒళ్లు తెలుసుకుంటుందని రైతుకు తెలుసు. మన పిల్లాడి ఒళ్లు మాత్రం రాయి అని మన నమ్మకం!

మన ఒంట్లోనూ ఒక గడియారం ఉంది. దాని పనితనం కనిపెట్టినందుకే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో వైద్యంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. చీకటి పడగానే మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోను వదులుతుంది. "పొద్దు కుంకింది, వంట కట్టేయండి" అని ఒళ్లంతా చాటింపు వేసేది అదే. కంటికి వెలుగు తగిలితే, అందులోనూ నీలం పాలు ఎక్కువున్న తెల్లటి వెలుగు తగిలితే, ఆ చాటింపు ఆగిపోతుంది. పిల్లల కంటిపాప పెద్దది, లోపలి కటకం తేటగా ఉంటుంది. కాబట్టి పెద్దవాళ్ల కంటే వాళ్లకే వెలుగు ఎక్కువ తగులుతుంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు 36 మందిని పరీక్షించి 2022లో చెప్పిన మాట వినండి. పడుకోబోయే ముందు గంటసేపు 5 నుంచి 40 లక్సుల మసక వెలుగు చూపిస్తేనే మెలటోనిన్ సగటున 78 శాతం పడిపోయింది.

లక్సు అంటే వెలుగును తూచే తూనిక. చైత్ర పౌర్ణమికి, అంజన్న చిన్న జయంతికి, మాల వేసుకున్న స్వాములు కాలినడకన కొండగట్టుకు వస్తారే, ఆ దారిలో నిండు వెన్నెల లక్సులో పావు వంతు ఉంటుందేమో. అయిదు లక్సులంటే ఇరవై పున్నములు ఒక్కసారి కాసినట్టు. అదే అయిదు లక్సుల వెలుగు ఎలుకల బోనులో రాత్రంతా ఉంచి, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో ఒక సంగతి కనిపెట్టారు. ఎనిమిది వారాల్లో ఎలుకలు బాగా బరువెక్కాయి. మొత్తం మీద ఎక్కువ తినలేదు, తక్కువ తిరగలేదు. విశ్రాంతి తీసుకోవలసిన వేళ తిన్నాయి, అంతే. తిండి సరైన వేళకే పెట్టినప్పుడు ఆ బరువు పెరగలేదు. వేళ తప్పిన తిండి ఒంటబట్టే తీరే వేరని మన అమ్మమ్మలు ఏ ప్రయోగశాలా లేకుండానే అనేవారు.

ఎలుకల మాట మనకెందుకంటారా? అమెరికాలో 43,722 మంది స్త్రీలను కొన్నేళ్లపాటు గమనించి 2019లో ప్రచురించారు. గదిలో దీపమో టీవీయో వెలుగుతుండగా పడుకునేవారిలో అయిదు కిలోలకు పైగా బరువు పెరిగే అవకాశం, చీకట్లో పడుకునేవారి కంటే 17 శాతం ఎక్కువగా కనిపించింది. పిల్లల మాటకొస్తే, చైనా ఈశాన్య ప్రాంతంలో బడిపిల్లల మీద చేసిన పరిశీలన 2022లో వచ్చింది. ఆరుబయట రాత్రి వెలుగు ఎక్కువగా ఉన్నచోట ఉండే పిల్లల్లో స్థూలకాయం కూడా ఎక్కువే కనిపించింది. దీపమే కారణమని రుజువైపోయిందా అంటే, కాలేదు. దీపాలెక్కువున్న చోట బజ్జీల బండ్లూ ఎక్కువే ఉంటాయి మరి. కాని నిద్ర చెడుతుందన్నది మాత్రం అనుమానం లేని సంగతి. ఆ ఒక్కటి చాలదా మనం నోరు విప్పడానికి?

"మన దగ్గర లావు పిల్లలెక్కడమ్మా, బక్కపిల్లలే గదా" అనేవారూ ఉన్నారు. నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద అయిదేళ్లలోపు పిల్లల్లో ఎదుగుదల గిడసబారినవారు 35.5 శాతం. అధిక బరువున్నవారు 3.4 శాతమే. అయితే ఈ రెండో అంకె 2015-16లో 2.1. అయిదారేళ్లలో అంత పెరిగింది. పైగా నిద్ర బక్కపిల్లకూ కావాలి, బొద్దుపిల్లకూ కావాలి. చీకటికి ఆ తేడాలు లేవు.

ఇక దీపాల లెక్క. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం వాళ్లు ఉపగ్రహ చిత్రాలు చూసి కట్టిన లెక్క ప్రకారం మన దేశంలో రాత్రి వెలుగు 2012తో పోలిస్తే 2021 నాటికి 43 శాతం పెరిగింది. 2015 జనవరిలో మొదలైన జాతీయ వీధి దీపాల పథకంతో పాత సోడియం దీపాల నారింజ రంగు వెలుగు పోయి, ఎల్.ఇ.డి. తెల్లవెలుగు ఊరూరా వచ్చింది. కరెంటు ఆదా అయింది, మంచిదే. అయితే చవకైందని ఒకటి పెట్టేచోట నాలుగు పెట్టాం. చౌరస్తాలో హైమాస్టు, దుకాణం మీద రంగుల బోర్డు, ఫంక్షన్ హాలు గేటుకు ఫ్లడ్‌లైటు. దీపం పెట్టించిన నాయకుడి ఫొటో ఉన్న ఫ్లెక్సీకి మళ్లీ ఇంకో దీపం!

హైదరాబాదులో నిజామియా వేధశాల కథ విన్నారా? 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టింది. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికొచ్చింది. పెద్ద దూరదర్శిని పెట్టవలసి వచ్చినప్పుడు నగరం వెలుగు తగలని చోటు వెతుక్కుని జపాల్-రంగాపూర్ వెళ్లారు. 1968లో అక్కడ 48 అంగుళాల దూరదర్శిని నిలిపారు. శాస్త్రవేత్తలు చీకటి కోసం ఊరు దాటి వెళ్లారు, బాగానే ఉంది. రెండో తరగతి పిల్లాడు ఎక్కడికి వెళ్తాడు?

నా మాటకు గట్టిగా అడ్డొచ్చేది ఆడవాళ్ల భద్రత. అది కొట్టిపారేసే మాట కాదు. సిరిసిల్లలో సాంచాల మీద రాత్రి షిఫ్టు చేసి వచ్చే మనిషికి వెలుగు కావాలి. కోరుట్లలో బీడీలు అప్పజెప్పి పొద్దుపోయాక ఇల్లు చేరే అక్కకు వెలుగు కావాలి. ట్యూషను నుంచి సైకిలు మీద వచ్చే ఆడపిల్లకు వెలుగు కావాలి. కాని ఎక్కడ కావాలి? ఆమె కాళ్ల ముందు కావాలి, ఎదురొచ్చేవాడి ముఖం మీద కావాలి. మా పడకగది గోడ మీద దేనికి? కళ్లలో గుచ్చుకునే దీపం వెనక ఎవరు నిలబడ్డారో కనబడదు. కళ్లు చెదిరే వెలుగు ఒక రకం చీకటే. దీపాలు తీసెయ్యమని నేననడం లేదు. వాటి తల వంచమంటున్నాను.

"ముందు పిల్లాడి చేతిలో సెల్‌ఫోను లాక్కోండి, తరువాత స్తంభం సంగతి చూద్దాం" అంటారు ఇంకొకరు. తప్పకుండా లాక్కుందాం. టీవీ కూడా కట్టేద్దాం. ఎనిమిదింటిలోపే అన్నం పెట్టేద్దాం. కిటికీకి మందపాటి తెర వేద్దాం. ఇవన్నీ మన చేతిలో పనులు, చెయ్యకపోతే మనదే తప్పు. కాని స్తంభం మీది దీపాన్ని ఏ తల్లి లాక్కోగలదు? తెర వేస్తే ఎండాకాలం గాలాడదు. ఏసీ ఉన్న ఇల్లు తలుపులు బిగించుకుంటుంది. రేకుల ఇంట్లో కిటికీ తెరుచుకుని పడుకునే పిల్లాడి సంగతేమిటి? చీకటి కూడా డబ్బున్నవాళ్ల సొత్తు కావాలా?

చెయ్యవలసింది కష్టమేం కాదు. దీపానికి పైనా పక్కలా టోపీ పెట్టాలి, వెలుగు నేలమీదే పడేలా. తెల్లటి దీపం బదులు పసుపు వన్నెది పెట్టాలి. డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉంటే అది పట్టపగలు, 3000 అని ఉంటే సందెవేళ. వీధి దీపాలు 3000కు మించవద్దని, టోపీ ఉండాలని అమెరికా వైద్య సంఘం 2016లోనే చెప్పింది. రాత్రి పదకొండు దాటాక వెలుగు తగ్గించాలి. దుకాణం మూసినవాళ్లు బోర్డు కూడా ఆర్పాలి. ఫ్రాన్సులో దుకాణాల అద్దాల దీపాలు రాత్రి ఒంటిగంటకల్లా ఆర్పెయ్యాలని 2013 నుంచి నియమం ఉంది. వాళ్ల వ్యాపారాలేం మునిగిపోలేదు.

ఎవరినడగాలంటారా? 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామ పంచాయతీలో వీధి దీపాలకు ఒక స్థాయీ సంఘం ఉండాలి. పట్టణంలో మీ వార్డు కౌన్సిలరున్నాడు. వీధిలో దీపం వెలగకపోతే మనం ఊరుకుంటామా? నాలుగిళ్ల వాళ్లం కలిసి వెళ్లి అడుగుతాం. దీపం ఇంట్లోకి వస్తే మాత్రం, అది అభివృద్ధి కదా, ఏమంటే ఏమనుకుంటారో అని నోరు మూసుకుంటాం. మీ మహిళా సంఘం సమావేశంలో వడ్డీల లెక్క అయ్యాక ఈ మాట కూడా ఎత్తండి. "మా కిటికీ ముందున్న దీపానికి టోపీ పెట్టండి" అని ఒక కాగితం మీద రాసి పది సంతకాలు చేసివ్వండి.

వెనకటి తరం పిల్లలు ఎండాకాలం రాత్రి వాకిట్లో నులక మంచం మీద పడుకుని పిల్లలకోడి చుక్కల్ని లెక్కబెడుతూ నిద్రపోయేవారు. ఆ ఆకాశం మొత్తం తెచ్చివ్వమని నేనడగడం లేదు. పిల్లాడికి వేళకింత అన్నం పెడుతున్నాం. వేళకింత చీకటి కూడా పెట్టమంటున్నాను. దానికి రేషన్ కార్డు అక్కర్లేదు, బిల్లు రాదు, పైగా కరెంటు మిగులుతుంది. ఇంత చవకైన మందు వద్దనేవాళ్లెవరో పంచాయతీకి వచ్చి చెప్పమనండి, విందాం.