తెరమీది సన్నగీత

గడచిన నెల ఈ పుటలో మిక్సీ మోటారు వేడెక్కుటను గూర్చి ముచ్చటించితిమి. ఈ నెల కంప్యూటరు మానిటరు మాట యెత్తుటకు కారణము మా యింటనే జరిగినది. చెప్పుకొనుటకు కొంత సిగ్గుగా నున్నను చెప్పుచున్నాము.

మా చిన్నకోడలు జ్యేష్ఠమాసమునుండి ఇంటియొద్దనే కూర్చుండి లెక్కలు వ్రాయు ఉద్యోగమున కుదిరినది. అంతవఱకు పిల్లవాని బొమ్మలకే పనికివచ్చుచుండిన మానిటరు ఆమె బల్లపైకి చేరినది. మూడవనాడు, "అత్తయ్యగారూ, తెరమీద వెండ్రుక అంటుకున్నట్టుంది, ఎంత తుడిచినా పోవడం లేదు" అనెను. పోయి చూచితిమి. కుడి అంచునకు జానెడు దూరమున, పైనుండి క్రిందివఱకు గులాబి జీరవంటి గీత. నల్లని బొమ్మపై కానరాదు. తెల్లని పుట తెఱచినప్పుడు, అదియును పట్టి చూచిననే కనబడును.

రిపేరు చేయువానికి ఫోను చేసితిమి. అతడు చూడకయే, తుడుచునప్పుడు నీరు దిగియుండునని తేల్చివైచెను. ఇక మా చూపులన్నియు పనికి వచ్చు అమ్మాయిమీదికి పోయినవి. "అమ్మగారూ, నేను పొడిగుడ్డతోనే తుడిచానండీ" అని ఆమె రెండుమార్లు చెప్పినది. మేము వినలేదు. నెలజీతములో కొంత పట్టుకొందుమని కూడ నోరు జాఱితిమి. ఆమె మఱుమాటాడక, గుడ్డ పిండి ఆరవేసి పోయినది.

ఆ రాత్రి నిద్ర పట్టక పాత సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చినది. 2000 ప్రాంతమున మేము పెద్ద గాజుగొట్టపు మానిటరు కొంటిమి. తెరకు అడ్డముగా రెండు సన్నని నీడగీతలు. మోసపోతిమని దానిని రిక్షాలో వేసికొనిపోయి దుకాణదారుతో జగడమాడితిమి. ఆయన నవ్వి చెప్పిన మాట నేటికిని మఱచిపోలేదు. అది ట్రినిట్రాన్ జాతి గొట్టము. 1968లో సోనీవారు వెలువరించిన పద్ధతి. ఇతర గొట్టములలో గాజువెనుక చిల్లుల రేకుండగా, ఇందులో నిలువుగా బిగించిన వెండ్రుకలంతటి లోహపు పట్టీలుండును. అవి అదరకుండుటకు అడ్డముగా సన్నని తీగె కట్టుదురు. చిన్న గొట్టమునకు ఒకటి, పెద్దదానికి రెండు. మేము చూచినది ఆ తీగెల నీడయే! గొట్టము నిక్షేపముగా నున్నది. రిక్షా బాడుగ మాత్రము రెండువైపుల ఇచ్చుకొంటిమి.

ఇప్పటి పలుచని తెరలలో అట్టి తీగె లేదు గనుక ఆ సమాధానము ఇచట చెల్లదు. అయినను పరీక్షింపక నింద వేయుట మాకిది రెండవమాఱని తోచి, తెల్లవాఱగనే కూర్చుంటిమి.

మొదట కంప్యూటరుచేతనే తెరబొమ్మను తీయించి, దానిని ఫోనుకు పంపుకొని పెద్దది చేసి చూచితిమి. అందులో గీత లేదు. అనగా కంప్యూటరు తాననుకొన్న బొమ్మ శుద్ధముగనే యున్నది. పిదప మానిటరు అంచున నుండు మీటను నొక్కితిమి. వెలుగు హెచ్చించుటకు, తగ్గించుటకు వచ్చు ఆ చిన్న పట్టికను కంప్యూటరు పంపదు, మానిటరే తనంతట తాను వ్రాసికొనును. కీలకమంతయు ఇచటనే యున్నది. పట్టికను గీతయున్న చోటికి జరుపవలెను. గీత పట్టిక చాటునకు పోయినచో దోషము వెలుపలినుండి వచ్చినదని, కేబులునో కంప్యూటరునో చూచుకొనవలెనని గుర్తు. పట్టికమీదుగా కూడ గీత సాగినచో దోషము మానిటరులోనిదే. మాది పట్టికను రెండుగా చీల్చుచు సాగినది. నమ్మకము చాలక కేబులు మార్చితిమి, మా అబ్బాయి ల్యాప్‌టాప్ తగిలించితిమి, గీత కదలలేదు.

పాత నీలిరంగు మొనగల వీజీఏ కేబులు వాడువారికి అడ్డపట్టీలు మెల్లగా ప్రాకుచు కనబడుట కలదు. దానికి కేబులు మరలు బిగించి, కరెంటు తీగెలకు దూరముగా జరిపి చూడవలెను. అది వేఱు జబ్బు.

నేతచీర నెఱుగనివారము కాము గదా! పడుగులో ఒక్క పోగు తెగినచో చీర పొడవునా సన్నని జాడ పడును. తెరయు నట్టిదే. సాధారణమైన మానిటరులో అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు. చుక్కకు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడేసి భాగములు. అనగా నిలువుగా దిగు తీగెలే 5,760. మాదానిలో ఆకుపచ్చ తీగె యొకటి అలిగినది. అచట ఎఱుపు, నీలము మాత్రమే మిగిలి తెలుపు గులాబియైనది. ఈ తీగెలకు విద్యుత్తు గాజు అంచున అతికిన పలుచని పట్టీల ద్వారా అందును. ఏండ్లతరబడి వేడెక్కుచు చల్లబడుచు నుండుటచే అతుకు వదలవచ్చును. తడి దిగినను వదలవచ్చును. కావున రిపేరువాని మాట అసంభవము కాదు. అమ్మాయి నిర్దోషి యని పరీక్షలవలన తేలలేదు. తెరను ఆర్పి, మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను. మఱక యున్నచో నీటితో కొంచెము చెమ్మగిల్లిన గుడ్డ చాలును. తెరపై నేరుగా ఏదియు చిమ్మరాదు.

తీర్పు మా కోడలు ఫోనులో దొరికినది. సంక్రాంతినాడు మనుమని ఫోటో తీయగా వెనుక మానిటరు వెలుగుచున్నది, తెల్లని పుటతో. పెద్దది చేసి చూచితిమి. కుడి అంచునకు జానెడు దూరమున అదే జీర. అమ్మాయి మా యింట పనికి కుదిరినది ఉగాది వెళ్లిన తరువాత.

సాయంకాలము ఆమెను పిలిచి ఫోటో చూపి, తప్పు మాదేనంటిమి. జీతము పూర్తిగా చేతిలో పెట్టితిమి. గ్యారంటీ ఇంకను నాలుగు నెలలున్నందున దుకాణమువారు విప్పి చూచి, తడి జాడ లేదని ఒప్పుకొని తెర మార్చిరి. రసీదును బియ్యపు డబ్బా క్రింద దాచిన మా కోడలి బుద్ధిని మెచ్చుకొనవలెను.

ఇప్పుడు గీత లేదు. అమ్మాయి ఇల్లంతయు తుడిచి, ఆ బల్లయొద్దకు వచ్చుసరికి గుడ్డ ప్రక్కన బెట్టి, "అది మీరే చూసుకోండమ్మగారూ" అనుచున్నది. మేమే తుడుచుకొనుచున్నాము.